వాషి పద్ధతా, హైటెక్ సిటీ పద్ధతా: లోకల్ స్టేషన్ చుట్టూ ఊరు పెరగాలంటే ఏది మేలు?

స్టేషన్ వస్తే చుట్టూ డెవలప్‌మెంట్ దానంతట అదే వస్తుందని అందరూ అంటారు. నేను మాత్రం ముందు అడిగేది ఒకటే: స్టేషన్ కట్టే నాటికి ఆ చుట్టుపక్కల భూమి ఎవరి చేతిలో ఉంది?

నవీ ముంబయిలో సిడ్కో చేతిలో ఉంది. 1970లో పెట్టిన ఈ ప్రభుత్వ సంస్థ ముందు భూమి తీసుకుని, ఊరికి ప్లాన్ వేసుకుని, ఆ తర్వాత రైలు తెచ్చింది. 1992లో మాన్‌ఖుర్ద్ నుంచి సముద్రపు పాయ దాటి నవీ ముంబయిలోని వాషికి లోకల్ వచ్చింది. ఈ లైన్ల ఖర్చులో మూడింట రెండు వంతులు సిడ్కోదే. దాని ప్రధాన ఆదాయం భూమి అమ్మకం, అంటే రైలు వల్ల పెరిగిన రేటులో కొంతైనా మళ్లీ ఊరికే చేరింది. వాషి, బేలాపూర్ స్టేషన్ల మీదే ఆఫీసులు కట్టారు, రైలు దిగి పైకెళ్తే చాలు.

మన హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ 2003లో పాత పట్టాల మీదే మొదలైంది. అప్పటికే చుట్టూ భూమి ఎవరిది వాళ్లదే. హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగినవాళ్లకి ఆఫీసులు నడిచి వెళ్లేంత దగ్గర్లో లేవు, షేర్ ఆటో ఎక్కాల్సిందే. అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో మాత్రం స్టేషన్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రేటు పెరిగితే ఆ లాభం స్థలం ఉన్నవాళ్లకే. రెండో దశలోనూ మూడింట రెండు వంతులు రాష్ట్రమే పెట్టాలి, అయితే ఇక్కడ భూమి ఆదాయం లేదు, బడ్జెట్ నుంచి తీయాలి, అందుకే నిధుల దగ్గరే గొడవలు. 2012-13లో మంజూరైన పని, మేడ్చల్‌కి రైలు 2023లో నడిచింది.

అలాగని వాషి కథలో అంతా మంచే లేదు. ఆ భూమి రైతులది. సరైన పరిహారం కోసం 1984లో డి.బి. పాటిల్ నాయకత్వంలో ఉద్యమం చేస్తే పోలీసు కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు, ఆ తర్వాతగానీ తీసుకున్న దాంట్లో 12.5 శాతం అభివృద్ధి చేసి తిరిగివ్వాలన్న పథకం రాలేదు. ఎంఎంటీఎస్ వల్ల అలాంటి నష్టం జరగలేదు, పైగా బోరబండ, ఫతేనగర్ లాంటి చోట్ల అప్పటికే ఉన్న జనానికి చవకగా రైలు దొరికింది. ఇది చిన్న విషయం కాదు.

అయినా కొత్త లైన్లకి నేను వాషి పద్ధతే మేలంటాను, రైతు వాటా మొదటి రోజే కాగితం మీద రాసిచ్చే షరతుతో. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి వైపు ఎంఎంటీఎస్ పొడిగింపు ఉంది కదా, ఆ స్టేషన్ల పక్కన ప్రభుత్వ భూమి ఎక్కడున్నా వేలం వేయకుండా బస్టాండుకి, తక్కువ అద్దె ఇళ్లకి ఇప్పుడే పక్కన పెట్టాలి.