ఐసీయూలో ఎన్‌ఏఎస్ స్కోరు: ఏళ్ల తరబడి నింపాక నా అభిప్రాయం

నర్సింగ్ యాక్టివిటీస్ స్కోర్, పొట్టిగా ఎన్‌ఏఎస్. ఐసీయూలో ఒక్కో పేషెంటు మీద 24 గంటల్లో నర్సుల సమయం ఎంత ఖర్చయిందో లెక్కగట్టే పట్టిక ఇది. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌గా దీన్ని ఏళ్ల తరబడి నింపాను, కొత్తగా చేరినవాళ్లకు నేర్పాను, దీని అంకెలు పట్టుకుని మీటింగుల్లో వాదించాను కూడా. మనుషులు చాలడం లేదని పైవాళ్లకు చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం నా చేతికి రాలేదు. అదే కాగితం చూసి మన యూనిట్‌లో కేర్ బాగుంది అని ఎవరైనా అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

అంతకుముందు మేం నింపింది టిస్-28 (థెరప్యూటిక్ ఇంటర్వెన్షన్ స్కోరింగ్ సిస్టమ్) అనే పాత పట్టిక. 1974లో మొదలైన టిస్ పట్టికను 1996లో 28 అంశాలకు కుదించారు. వెంటిలేటర్ ఉందా, డయాలసిస్ నడుస్తోందా, బీపీ నిలబెట్టే మందులు ఎక్కుతున్నాయా అంటూ అది ప్రధానంగా చికిత్సలనే లెక్కపెడుతుంది. బరువైన పేషెంటును పక్కకు తిప్పడానికి ఇద్దరు పడే అవస్థ, డాక్టరు చెప్పింది అర్థంకాక మళ్లీ మళ్లీ అడిగే బంధువులకు సమాధానం చెప్పడం, ఫైళ్లు, ఫోన్లు ఇవేవీ అందులో కనపడవు. 2003లో మిరాండా అనే పరిశోధకుడి బృందం 15 దేశాల్లోని 99 ఐసీయూల్లో నర్సుల సమయం దేనికి పోతోందో చూసి, ఇలాంటి పనులన్నీ కలిపి 23 అంశాలతో ఎన్‌ఏఎస్ తయారుచేసింది. నర్సు సమయంలో టిస్-28 వివరించగలిగింది 43 శాతమే. ఎన్‌ఏఎస్ 81 శాతాన్ని వివరిస్తుందని వాళ్ల అధ్యయనంలో తేలింది.

ఈ తేడా వార్డులో ఎలా తెలుస్తుందో చెబుతాను. ఒక బెడ్‌లో వెంటిలేటర్ మీద మత్తులో ఉన్న పేషెంటు. బీపీ మందు నడుస్తోంది కానీ మోతాదు మార్చాల్సిన పని పడటం లేదు, ముక్కు ట్యూబుతో ఫీడ్ వెళుతోంది, ఒంట్లోని ద్రవం బయటకు తీసే గొట్టం (డ్రెయిన్) ఒకటి ఉంది. మామూలు పనులన్నీ కలిపితే ఎన్‌ఏఎస్ 58 వస్తుంది. పక్క బెడ్‌లో ఊపిరి ట్యూబు తీసేసిన పేషెంటు. ఆక్సిజన్ మాస్క్ తప్ప పెద్దగా యంత్రాలు లేవు. కానీ డెలీరియం, అంటే మతి స్థిరంగా లేని అయోమయం; మాస్క్ పీకేస్తాడు, మంచం దిగబోతాడు, పైగా విరేచనాలు. ఒక షిఫ్టులో నాలుగు గంటలకు పైగా పక్కనే నిలబడాలి, శుభ్రం చేయడానికే రెండు గంటలు దాటుతుంది. ఇతని స్కోరు 75. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు కళ్లకు మొదటివాడు సీరియస్, రెండోవాడు రేపోమాపో వార్డుకు వెళ్లిపోయేవాడు. ఇద్దరికీ కలిపి ఒకే నర్సును వేస్తే ఏమవుతుందో డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు. 100 పాయింట్లు అంటే ప్రతి షిఫ్టులోనూ ఒక పూర్తి నర్సు. ఇక్కడ 133 అయ్యింది.

కొత్తవాళ్లు మొదట నమ్మని విషయం వెంటిలేటర్‌కు ఇందులో వచ్చే పాయింట్లు. ఒక్క పాయింటు విలువ 14.4 నిమిషాలు. ఊపిరికి ఇచ్చే సహాయానికి 1.4 పాయింట్లు, అంటే రోజుకు సుమారు 20 నిమిషాలు. ఇంతేనా అని అడుగుతారు. ట్యూబు సంరక్షణ, ఊపిరితిత్తులకు చేసే చికిత్స, మానిటర్ దగ్గర కాపలా ఇవన్నీ వేరే గడుల్లో ఉంటాయి. అసలు యంత్రం ఉన్నంత మాత్రాన నర్సుకు పని పెద్దగా పెరగదని ఈ పట్టిక తేల్చి చెబుతుంది. యాంత్రిక సహాయం చుట్టూ అల్లుకున్న మన గొప్పలకు ఇది కాస్త గట్టి దెబ్బే.

లెక్క సులువు. పది బెడ్ల యూనిట్‌లో సగటు 65 వస్తే ప్రతి షిఫ్టుకూ ఆరున్నర మంది కావాలి. ఐదుగురే ఉన్నారని రోస్టర్ చూపిస్తుంది. పని ఎక్కువగా ఉంది సార్ అని చెప్పినన్నాళ్లూ తల ఊపి పంపించేసినవాళ్లు, ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టాక కూర్చోబెట్టి మాట్లాడారు.

విసిగించే సంగతులూ ఉన్నాయి. బంధువులకు, పేషెంటుకు ధైర్యం చెప్పే అంశంలో సుమారు గంట అయితే 4, మూడు గంటలు లేదా ఆపైన అయితే 32. రెండు గంటలు పట్టినవాళ్లు ఏం రాయాలి? మా యూనిట్‌లో ఒకరు 4 రాస్తే ఇంకొకరు 32 రాసేవాళ్లు. ఒకే పేషెంటు స్కోరు, మార్పేమీ లేకుండానే, నింపే చేతిని బట్టి 28 పాయింట్లు అటూ ఇటూ అయ్యేది. ఆఫీసు పని గడిలోనూ ఇదే తంతు: 4.2 నుంచి నేరుగా 23.2కి దూకుతుంది. ఏ గడికి ఏం లెక్కలోకి వస్తుందో యూనిట్ అంతా కూర్చుని రాసిపెట్టుకోకపోతే నెలల సగటులను పోల్చడం దండగ. ఇంకోటి, ఇది గడిచిన రోజు గురించి చెబుతుంది. రాబోయే నైట్ డ్యూటీకి ఎంతమంది కావాలో నిన్నటి స్కోరుతో అంచనా వేయాల్సిందే. మధ్యలో రెండు అడ్మిషన్లు వచ్చాయంటే ఆ అంచనా గోవిందా.

వీటన్నిటితో సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. ఎన్‌ఏఎస్ చేసిన పనికే పాయింట్లు ఇస్తుంది, చేయాల్సిన పనికి కాదు. రోజుకు మూడుసార్ల కన్నా ఎక్కువ తిప్పితే 12.4, మూడుసార్ల వరకే అయితే 5.5. మనుషులు తక్కువైన రోజున ఏం జరుగుతుంది? తిప్పడం తగ్గుతుంది, బంధువులతో మాట తగ్గుతుంది, పేషెంటు పక్కన నిలబడే సమయం తగ్గుతుంది. దాంతో స్కోరూ తగ్గుతుంది. నెలాఖరు రిపోర్టులో ఆ రోజులు తేలిక రోజుల్లా కనపడతాయి! అది చూసి ఇంతమందితో నెట్టుకొచ్చారు కదా అని ఒక పోస్టు కోసేస్తే అడిగే దిక్కు ఉండదు.

అందుకే ఈ అంకెను ఒంటరిగా పైకి పంపడం మానేశాం. దాని పక్కన కొత్తగా వచ్చిన బెడ్‌సోర్లు (కదలకుండా పడుకున్నందుకు పడే పుండ్లు), పేషెంటు తనంతట తాను పీకేసుకున్న ట్యూబులు, సెంట్రల్ లైన్ (పెద్ద సిరలో పెట్టే గొట్టం) ఇన్ఫెక్షన్లు, వెంటిలేటర్ మీద ఉండగా వచ్చే న్యుమోనియా ఉంటాయి. వీటిని రోజువారీగా చూస్తే ఏమీ తెలియదు, సంఖ్యలు చిన్నవి. పైగా బెడ్‌సోర్ బయటపడేది ఒత్తిడి పడ్డ రోజున కాదు, తర్వాత. కాబట్టి నెలల వరసలో చూడాలి. బెడ్‌సోర్ ముప్పును కొలిచే బ్రాడెన్ స్కేల్ మీద ప్రమాదం ఎక్కువని ముందే తేలిన పేషెంటుకు తిప్పే గడిలో 5.5 పడిందంటే మాత్రం నెల ఆగక్కర్లేదు, ఆ రోజే అడగాలి. అపాచీ-2 స్కోరును కూడా కొందరు ఇందులో కలిపేస్తారు. అది జబ్బు తీవ్రత, చావు ముప్పు చెప్పేది. నర్సుకు ఎంత పనో అడిగితే దాని దగ్గర జవాబు ఉండదు.

పట్టిక కింద మేం సొంతంగా ఒక గడి గీసుకున్నాం: ఈ షిఫ్టులో చేయలేకపోయినవి. దానికి పాయింట్లు లేవు, రెండు మూడు మాటల్లో రాస్తే చాలు. మొదట్లో ఎవరూ రాయలేదు, రాస్తే తమ మీదకే వస్తుందని భయం. పేరు రాయక్కర్లేదని చెప్పాక నిండటం మొదలైంది. అందులో తరచుగా కనిపించేవి నోటి శుభ్రత, రాత్రిపూట తిప్పడం, బంధువులతో మాట్లాడటం. మందులు, బ్లడ్ శాంపిళ్లు దాదాపు ఎప్పుడూ ఉండవు, ఎందుకంటే వాటిని అడిగేవాళ్లు ఉంటారు.

కొత్తగా మొదలుపెట్టే యూనిట్లకు నా సలహా: గడుల నిర్వచనాలు ముందే రాసిపెట్టుకోండి, కొన్నాళ్లు ఇద్దరేసి విడివిడిగా నింపి పోల్చి చూడండి. స్కోరును రోజుకోసారి ఒకే సమయానికి వేయండి. సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఫరవాలేదు, చేయి తిరిగాక కాగితం మీద ఒక్కో పేషెంటుకు కొన్ని నిమిషాలే పడుతుంది.