అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్: పరిశోధక విద్యార్థికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, వ్యవసాయ శాస్త్రంలో నేను రాసిన తొలి పరిశోధన వ్యాసం ‘ఇంగ్లీషు మాతృభాషగా గలవారి చేత దిద్దించి పంపండి’ అన్న ఒక్క వాక్యంతో తిరిగివచ్చింది. ఏది తప్పో చెప్పకుండా పుట్టుకనే తప్పుగా చూపిన ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. ఆ రోజుల్లోనే మాంచెస్టర్ విశ్వవిద్యాలయం ఉచితంగా అందిస్తున్న అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ అనే వెబ్‌సైటు చేతికి చిక్కింది.

జాన్ మోర్లీ రూపొందించిన ఈ సైటులో వాక్యాలను శాస్త్రాన్ని బట్టి కాక, అవి చేసే పనిని బట్టి విభజించారు. పూర్వ పరిశోధనలను ప్రస్తావించడం, పద్ధతులను వివరించడం, ఫలితాలను చర్చించడం వంటి ప్రతి పనికీ పదుల కొద్దీ వాక్యాల చట్రాలుంటాయి; ఖాళీలలో మన విషయం మనం నింపుకోవాలి. ఇవి ఎవరో ఊహించి అల్లినవి కావు, మొదట ఆ విశ్వవిద్యాలయపు 100 పీజీ సిద్ధాంత వ్యాసాల నుంచి ఏరినవి.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది ఆచితూచి చెప్పే తీరును చూపే విభాగం. ‘వేపపూత యూరియా దిగుబడిని పెంచుతుందని ఈ ప్రయోగం రుజువు చేసింది’ అని నా చిత్తుప్రతిలో ఉండేది. చేసింది ఒకే పొలంలో, రెండు పంటకాలాలు. అంత గట్టి రుజువు అక్కడ లేదు. ఆ విభాగం చదివాక అది ‘ఈ నేలలో దిగుబడి పెరగడానికి వేపపూత యూరియా తోడ్పడి ఉండవచ్చునని ఫలితాలు సూచిస్తున్నాయి’ అని మారింది. తెలుగులో ‘కావచ్చు’, ‘అట’, ‘అనుకుంటా’ అంటూ రోజంతా జాగ్రత్తగా మాట్లాడే మనం ఇంగ్లీషులోకి వెళ్లేసరికి తీర్పులు చెప్పేస్తాం. పరీక్షల కోసం బట్టీపట్టిన భాష నేర్పిన అలవాటు కాబోలు.

ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసమే ప్రధానంగా తయారైన ఈ సైటును వాడేవారిలో ఎక్కువమంది ఇంగ్లీషు మాతృభాషగా గలవారేనని నిర్వాహకులే చెబుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన సాహిత్య విమర్శ రాయడం రానట్టే, వాళ్లూ ఆ శైలిని కూర్చుని నేర్చుకోవలసిందే.

అలాగని తేడా లేదనలేం. 8 దేశాలకు చెందిన 908 మంది పర్యావరణ శాస్త్రజ్ఞులను అడిగి 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, భాష మెరుగుపరచమని అడిగించుకోవడం మాతృభాషేతరులకు 12 రెట్లకు పైగా ఎక్కువని తేలింది. ఈ సైటు తీర్చలేనిది కూడా అక్కడే ఉంది. తెలుగులో ‘ఎ’, ‘యాన్’, ‘ది’ వంటి ఆర్టికల్స్ లేవు. ‘ది’ ఎక్కడ పెట్టాలో ఇంగ్లీషువారికి చెవి చెబుతుంది, నేను ప్రతి నామవాచకం దగ్గరా ఆగి ఆలోచించాలి. దీనిపై సైటులో ఒక పేజీ ఉన్నా, నియమాలు చదివినంతలో ఆ చెవి రాదు.

ఇంకో చిక్కు, చట్రాల మీద మోజు. ఒక జూనియర్ చిత్తుప్రతిలో వరుసగా నాలుగు పేరాలు ఒకే పలుకుబడితో మొదలై, అసలు వాదం వెతికినా కనబడలేదు. అందుకే నేను ముందు నా ముతక ఇంగ్లీషులో మొత్తం రాసేసి, ఎక్కడైనా వాక్యం కదలక మొరాయిస్తే అప్పుడే ఈ సైటు తెరుస్తాను.