మెట్ల కింద మాస్టర్, నా ఇంటర్వ్యూ చుడీదారు, మూడున్నర స్టార్లు

ఈ టైలర్ షాపుకి బోర్డు ఉంది కానీ పేరు లేదు. ఎండకి వెలిసిపోయి ‘లేడీస్’ అన్న ఒక్క మాటే మిగిలింది. గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్లూ జిరాక్సు షాపులూ కిక్కిరిసిన లైన్లలో ఒకదాంట్లో, ఒక డాబా మెట్ల కింద గది. ఒక మిషను, ఒక కటింగ్ బల్ల, గోడకి కొట్టిన మేకులకి వేలాడే బట్టలు. చుట్టుపక్కల హాస్టళ్ళ అమ్మాయిలకి ఆయన ‘మెట్ల కింద మాస్టర్’. అసలు పేరు నాకూ తెలియదు.

బ్యాంక్ పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఇంటర్వ్యూకి డ్రెస్సు కుట్టించుకోవడానికి వెళ్ళాను. తుది మార్కుల్లో మెయిన్స్ రాత పరీక్షకి 80, ఇంటర్వ్యూకి 20 చొప్పున వెయిటేజీ. కాల్ లెటర్లో ఏయే సర్టిఫికెట్లు తేవాలో చాంతాడంత చిట్టా ఉంది, ఏం వేసుకోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ లోటు తీర్చడానికి ఊరంతా ముందుకొచ్చింది. అమ్మ చీర అంది. కోచింగ్‌లో సారు ‘లేత రంగు కాటన్ చీర, ఇంకో మాట లేదు’ అన్నారు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసే అక్క ఫోన్లో నవ్వి ప్యాంటూ షర్టూ వేసుకోమంది. తమ్ముడైతే బ్లేజర్ అన్నాడు. వాడు ఆగస్టులో క్యాంపస్ ఇంటర్వ్యూకి అద్దె బ్లేజర్ వేసుకెళ్ళి, లోపల చొక్కా వీపుకి అతుక్కుపోయి, విప్పుదామంటే విప్పలేక కూర్చున్నవాడు. వాడి సలహా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ప్రాక్టీసు కోసం పెట్టే మాక్ ఇంటర్వ్యూకి అమ్మ కాటన్ చీర కట్టుకెళ్ళాను. వెనక కూర్చున్న నా రూమ్మేట్ లెక్కపెట్టింది: పన్నెండు నిమిషాల్లో తొమ్మిదిసార్లు పైట సర్దుకున్నానట. ఒకసారి రెపో రేటు గురించి చెప్తూ చెప్తూ మధ్యలో ఆగి మరీ. ఇందులో చీర తప్పేం లేదు. రోజూ కట్టుకునేవాళ్ళు అందులో బస్సు వెనక పరిగెత్తగలరు. నేను ఏడాదికి రెండుసార్లు, అదీ అమ్మ కుచ్చిళ్ళు పెడితేనే కట్టుకునేదాన్ని. పదిహేను నిమిషాల ఇంటర్వ్యూలో సగం బుర్ర భుజం మీద పిన్ను దగ్గరే ఉంటే మిగతా సగంతో ఏం చెప్తాను?

రెడీమేడ్ కూడా చూశాను. లక్ష్మీపురంలో ఒక షోరూంలో ఆఫీస్ వేర్ అని రాసి ఉన్న వరసలో ఒక సెట్టు, 2,400 రూపాయలు. భుజం కుట్టు నా భుజం దాటి అంగుళం కిందకి జారింది. బట్ట పాలిస్టరు, కాస్త నడిస్తే కాళ్ళకి చుట్టుకుంటోంది. ప్యాంటుకి జేబు ఉన్నట్టే ఉంది, వేలు పెడితే లోపలికి పోదు, ఉత్త కుట్టు గీత. ఆడవాళ్ళ బట్టలకి ఈ దొంగ జేబులు కుట్టే బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, వాళ్ళకి హాల్ టికెట్టూ చేతిరుమాలూ చేత్తో పట్టుకుని రోజంతా క్యూలో నిలబడే శిక్ష వేయాలి.

చివరికి మంగళగిరి వెళ్ళి కాటన్ బట్ట కొన్నాను. మంగళగిరి నేతలో నాకు నచ్చేది ఇదే: నడిమి బట్టంతా సాదాగా ఉంటుంది, అందమంతా అంచులో. నిజాం అంచు అంటారు దాన్ని, సన్నటి జరీ. పూలూ బొమ్మలూ లేని బట్ట కాబట్టి ఆఫీసుకి అడగకుండానే సరిపోతుంది. బూడిద కలిసిన నీలం రంగు టాపుకి రెండున్నర మీటర్లు, ప్యాంటుకి లేత గోధుమ రంగు రెండున్నర. తెల్లది కొనబోయాను. షాపులో పెద్దాయన ‘రైల్లో వెళ్ళేదానివి తెల్లదెందుకమ్మా’ అన్నారు. నిజమే కదా.

ఇక మాస్టర్ సంగతి. బట్ట చేతిలోకి తీసుకుని నలిపి, వాసన చూసి, తిరిగి నా చేతిలో పెట్టేశారు. ‘ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానేసి, నీడలో ఆరేసి తీసుకురా. గంజి పోవాలి, బట్ట కుంచించుకోవాల్సింది ముందే కుంచించుకోవాలి. ఇప్పుడు కుడితే మొదటి ఉతుకుడుకే చేతులు బిగుస్తాయి. అప్పుడు నన్ను తిడతావు.’ చెప్పినట్టే చేశాను. ఆరాక కొలిస్తే టాపు బట్ట మూడు అంగుళాలు తగ్గింది.

కొలతలు తీసుకునేటప్పుడు ఇంకో వింత. నిలబెట్టి కొలిచాక స్టూలు లాగి ‘కూర్చో’ అన్నారు. ఎందుకన్నాను. ‘అక్కడ నిలబడేది గుమ్మం దగ్గర అర నిమిషం. మిగతాదంతా కూర్చునేదే. కూర్చుంటే టాపు పైకి లేస్తుంది, పక్క కట్ నోరు తెరుచుకుంటుంది, చెయ్యి బల్ల మీద పెడితే చంక దగ్గర పట్టేస్తుంది. నిలబడ్డ కొలతలతో కుడితే అద్దం ముందే బాగుంటుంది.’ ఇన్నేళ్ళుగా ఎంతోమంది దగ్గర కుట్టించుకున్నాను, ఇలా కూర్చోబెట్టి కొలిచినవాళ్ళు లేరు. పక్క కట్ మామూలు కన్నా రెండు అంగుళాలు కిందకి దింపారు. మెడ ముందువైపు చిన్న కాలరు, కాయితాలు ఇవ్వడానికి ముందుకి వంగినా చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. త్రీ ఫోర్త్ చేతులు. చున్నీ వద్దనుకున్నాను, అందుకే టాపుకి లోపల మెత్తటి కాటన్ లైనింగ్. కుడివైపు జేబు అడిగితే ఒకసారి నా వంక చూసి, చెయ్యి మణికట్టు దాకా దూరే జేబు పెట్టారు. పక్కకుట్లలో అంగుళంన్నర బట్ట వదిలారు. ‘ఉద్యోగం వచ్చాక కూర్చుని కూర్చుని లావవుతావు, అప్పుడు విప్పి ఇస్తాను’ అన్నారు. ఈ మాట రివ్యూలో పెట్టాలా వద్దా అని ఆలోచించాను. పెట్టాను.

ఇప్పుడు స్టార్లు తగ్గించిన కారణాలు. శుక్రవారం ఇస్తానన్నది మంగళవారం ఇచ్చారు. మధ్యలో నాలుగుసార్లు తిరిగాను, నాలుగుసార్లూ ‘కాజాలు మిగిలాయి’ అనే మాటే. నా డ్రెస్సుకి కాజాలే లేవు! రసీదు ఇవ్వరు. బట్టలోంచి చిన్న ముక్క కత్తిరించి, దానికి చీటీ గుచ్చి ఇస్తారు, అది పోతే మీ బట్టను మీరే గుర్తుపట్టుకోవాలి. నా ముందే ఒకామెకి ఇంకెవరిదో బ్లౌజు ఇచ్చేశారు, ఆమె బస్టాండు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ట్రయల్ వేసుకోవడానికి చోటు లేదు, హాస్టలుకి వెళ్ళి వేసుకుని రావాలి. నాకు ఎడమ చెయ్యి కొంచెం బిగిసింది, మళ్ళీ వెళ్తే మాట్లాడకుండా పది నిమిషాల్లో సరిచేశారు. లైనింగుతో కుట్టుకూలి 650, జేబుకి 50. ‘అర్జెంటు’ అని ఇంకో 150 పుచ్చుకున్నారు. నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చినదానికి అర్జెంటు డబ్బులేమిటని అడిగితే, ‘అర్జెంటు కాకపోతే ఇంకో వారం పట్టేది కదమ్మా’ అన్నారు. దీనికి జవాబు నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో. డ్రెస్సు మడత పెట్టకుండా తువ్వాలుతో కలిపి చుట్టి సంచిలో పెట్టుకున్నాను. అయినా కాటన్ కాటనే, సికింద్రాబాద్‌లో దిగేసరికి నలిగింది. లాడ్జి సందులో ఇస్త్రీ బండి ఉంది, బొగ్గుల పెట్టె. నిప్పురవ్వ పడుతుందేమోనని నా తువ్వాలు పైన పరిచి చేయించుకున్నాను. బండి ఆయనకి నచ్చలేదు కానీ చేశాడు. చెప్పుల విషయంలో మాత్రం బుద్ధి తక్కువ పని చేశాను: నల్లటి మూత చెప్పులు అంతకుముందు రోజే కొన్నాను. కొత్త చెప్పు మడమ దగ్గర కరిచింది. డ్రెస్సుకి అంత ఆలోచించినదాన్ని, చెప్పులు వారం ముందు కొని ఇంట్లో తిరగాలని తోచలేదు. పట్టీలూ గాజులూ మాత్రం అమ్మ ఎంత గొడవ చేసినా తీసేశాను, వాచీ ఒక్కటే.

బయట కుర్చీల్లో మేం ఇరవైమందిమి దాకా ఉన్నాం. చీరల్లో ఉన్నవాళ్ళూ ఉన్నారు, సూట్లలో ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఒకబ్బాయి కొత్త చొక్కా కాలరు కింద అట్టముక్క తీయడం మర్చిపోతే పక్కనున్న అమ్మాయి చెప్పింది. నాకు పక్క కట్టూ గుర్తు రాలేదు, భుజమూ గుర్తు రాలేదు. మడమ ఒక్కటే గుర్తొచ్చింది.

లోపల నలుగురు. ఊరు గుంటూరు అనగానే ఒక మేడం ‘అయితే ఇది మంగళగిరా?’ అన్నారు, అంచు చూసి. అవునన్నాను. కుట్టిందెవరన్నారు. మా ఊళ్ళో టైలర్ అని చెప్పాను. పక్కనున్న సారు అందుకున్నారు: ‘ఆయన మీ బ్రాంచికి వచ్చి ఇంకో మిషను కొంటానంటే ఏ లోను ఇస్తావు?’ నాకు వెంటనే కాజాల మాట గుర్తొచ్చింది. వేగంగా కుట్టే జూకీ మిషను ఒకటి ఉంటే పని గబగబా తెమిలేదని మాస్టర్ నాతో అన్నారు కూడా. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం ఇవ్వచ్చు, 50 వేల వరకు శిశు, ఆపైన 5 లక్షల దాకా కిశోర, మిషను ధరను బట్టి ఈయనకి శిశు సరిపోతుంది, తాకట్టు అక్కర్లేదు అన్నాను. ‘తిరిగి కడతాడా?’ అన్నారు. ‘కడతారు సార్, కాకపోతే చెప్పిన తేదీకి కాదు’ అనేశాను. నోరు జారింది. మేడం నవ్వారు. సారు నవ్వలేదు, ఏదో రాసుకున్నారు.

ఫలితం ఇంకా రాలేదు.

ఈ షాపు ఎవరికి పనికొస్తుంది అంటే, చేతిలో కనీసం మూడు వారాలు ఉన్నవాళ్ళకి. ఇంటర్వ్యూ పదో తేదీ అయితే మాస్టర్‌కి ఒకటో తేదీ అని చెప్పండి. బట్ట నానబెట్టి ఆరేసుకుని వెళ్ళండి, లేకపోతే తిప్పి పంపుతారు. కుట్టుకి ఐదుకి ఐదు, మాటకి రెండు. సగటు మూడున్నర.

హైదరాబాద్ నుంచి వచ్చాక లోను సంగతి మాస్టర్‌కి చెప్పాను. ‘నువ్వు బ్యాంకులో చేరు, అప్పుడు చూద్దాం’ అన్నారు. చుడీదారుతో పాటే, ఉద్యోగం వస్తే కట్టుకోవడానికని అమ్మ ఇచ్చిన చీర తాలూకు బ్లౌజు గుడ్డ కూడా ఆయనకి ఇచ్చాను. రేపు రమ్మన్నారు. కాజాలు మిగిలాయట.