జాగ్రత్త: బోర్డు మీద ఉన్న డాక్టర్ ఒకరు, లోపల కన్ను చూసింది ఇంకొకరు (హన్మకొండ)

హన్మకొండలో కంటికి చూపించుకునేవాళ్లు, ముఖ్యంగా ఊళ్ల నుంచి అమ్మానాన్నలను వేరేవాళ్ల తోడిచ్చి పంపేవాళ్లు ఇది ఒకసారి చదవండి. మా అమ్మ కన్ను చూపించుకున్న దుకాణం పేరు రాయడం లేదు, కంప్లైంట్ నడుస్తోంది. పేరు కన్నా మేం ఎక్కడ మోసపోయామో తెలియడమే మీకు పనికొస్తుంది.

మా అమ్మకు 62 ఏళ్లు. మొన్న వానాకాలం వడ్లు ఐకేపీ కొనుగోలు సెంటర్‌లో పోసి, తాలు పోవడానికి ఫ్యాన్ పెట్టి తూర్పార పడుతుంటే కంట్లో పొల్లు పడింది. కొంగుతో ఒత్తుకుంది, నీళ్లతో కడుక్కుంది. మూడో రోజుకు కన్ను చింతనిప్పులా అయింది. నాకు ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నాను. "పక్కింటి పిల్లను తీసుకొని పోయి చూపించుకోరాదే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

వాళ్లు బస్సు దిగి నడుస్తుంటే పెద్ద అక్షరాలతో 'కంటి ఆసుపత్రి' అని బోర్డు కనిపించింది. ఒక డాక్టర్ పేరు, పక్కన ఎం.ఎస్., కింద 'కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం'. లోపల గోడ నిండా ఫ్రేములు. తెల్లకోటు అబ్బాయి గడ్డం స్టాండ్ మీద పెట్టించి మిషన్‌లో చూశాడు. "మిషన్ల రోడ్డు చివర బెలూన్ కనపడ్డది బిడ్డా, మంచిగనే చూసిండు" అని అమ్మ ఆ రాత్రి చెప్పింది. ఆ బెలూన్ మిషన్ అద్దాల పవర్ ఎంతో చెప్పడానికే. కంటిలో పుండు ఉందా లేదా అన్నది దానికి తెలియదు. అమ్మను మాత్రం ఏమనగలం? 2023లో ప్రభుత్వం పెట్టిన కంటి వెలుగు రెండో విడతలో ఊళ్లోనే అలాంటి పరీక్ష చేసి అద్దాలు ఇచ్చారు, అవి బాగా పనిచేశాయి కూడా. మిషన్ ఉంటే కంటి డాక్టరే అనుకుంది.

చుక్కల మందు 180, కొత్త అద్దాలు 2,400 తీసుకున్నారు. ఎర్రబడ్డ కంటితో వచ్చిన మనిషికి అద్దాలు అమ్మారంటే చూడండి.

రెండు రోజులకు ఎరుపు తగ్గింది, నొప్పీ తగ్గింది. మంచి డాక్టర్ అని అమ్మ ఊళ్లో ఇద్దరికి చెప్పింది కూడా. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క లేచింది. "పువ్వు లేస్తుందేమోరా" అంటే అప్పుడు పరుగెత్తాను.

వరంగల్ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ముందు సీసా తీసుకొని దాని మీద సన్నక్షరాలు చదివారు. "ఇది ఎవరు రాసిన్రు?" అన్నారు. అందులో డెక్సామెథసోన్ ఉంది, అంటే స్టెరాయిడ్. నారింజ రంగు కాగితం పట్టీ కంటికి తాకించి నీలి లైటు వేస్తే పుండు ఉన్న మేర ఆకుపచ్చగా మెరిసింది. కొంచెం గీకి ల్యాబ్‌కు పంపితే ఫంగస్ అని తేలింది. వరి పొల్లు, ఆకు, పుల్ల లాంటివి తగిలిన కంటికి ఈ భయం ఎక్కువట. స్టెరాయిడ్ వేస్తే పైకి ఎరుపు, నొప్పి తగ్గుతాయి, లోపల ఫంగస్‌కు అడ్డు లేకుండా పోతుంది. మాకు బాగైనట్టు అనిపించిన ఆ రోజులే కన్ను పాడైన రోజులు.

మొదట్లో గంటకోసారి ఫంగస్‌ను చంపే నటమైసిన్ చుక్కలు, అర్ధరాత్రి కూడా అలారం పెట్టుకొని. నెలన్నరకు పుండు మానింది, మచ్చ మిగిలింది. ఆ కంటితో మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, ఎవరో తెలియదు.

ఇక అసలు విషయం. బోర్డు మీది పేరు దొంగదే అయి ఉంటుందని డాక్టర్లను రిజిస్టర్ చేసే తెలంగాణ మెడికల్ కౌన్సిల్ సైట్‌లో వెతికాను. ఉంది! నిజమైన డాక్టరే, ఎం.ఎస్. చదువూ నిజమే. చీటీ పట్టుకొని దుకాణానికి పోతే "మా సార్ ఆదివారం హైదరాబాద్ నుంచి వస్తరన్నా" అన్నాడు ఆ కోటు అబ్బాయి. అమ్మ పోయింది మంగళవారం. నువ్వెవరు అంటే ఆప్టోమెట్రిస్ట్ అన్నాడు, సర్టిఫికెట్ చూపించమంటే మాట మార్చాడు. ఆప్టోమెట్రిస్టుల మీద నాకు కోపం లేదు. నాలుగేళ్ల డిగ్రీ చదివి పవర్ సరిగ్గా చూసేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ పుండుకు మందు రాయడం వాళ్ల పని కాదు.

కాబట్టి బోర్డు మీది డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ సరిచూసుకుంటే చాలదు. కౌంటర్ దగ్గరే "ఇవ్వాళ చూసేది ఎవరు, ఆయన పేరేంది?" అని అడగండి. చేతిలో పెట్టిన చీటీ మీద ఆయన సంతకం, నంబర్ ఉన్నాయా చూడండి. చీటీ మీద, రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. మా చీటీ మీద 'ఐ స్పెషలిస్ట్', ఒక ఫోన్ నంబర్, కోడిగీతలాంటి సంతకం, అంతే. నంబర్ దొరికితే కౌన్సిల్ సైట్‌లోనో, నేషనల్ మెడికల్ కమిషన్ వాళ్ల రిజిస్టర్‌లోనో కొట్టి చూడండి. 2014కు ముందు రిజిస్టర్ అయినవాళ్లు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ కింద కనిపించవచ్చు, కంగారు పడకండి. ఎంబీబీఎస్ ఒక్కటే ఉంటే కంటి డాక్టర్ కాదు. ఆ తర్వాత కంటి వైద్యంలో చేసిన ఎం.ఎస్., డీఎన్‌బీ, డీ.ఓ. లాంటిది ఉండాలి.

చుక్కలు ఇస్తే స్టెరాయిడా అని నోరు తెరిచి అడగండి. స్టెరాయిడ్ చెడ్డదని కాదు, ఆపరేషన్ తర్వాత డాక్టర్లే వాడతారు. పాత చీటీతో మెడికల్ షాపులో అదే సీసా మళ్లీ మళ్లీ కొనే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. నెలల తరబడి వేస్తే కొందరికి కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు వస్తాయి, అలా పోయిన చూపు తిరిగి రాదు.

జిల్లా వైద్యాధికారి ఆఫీసులో, మెడికల్ కౌన్సిల్‌లో కంప్లైంట్ ఇచ్చాను. చీటీ, బిల్లు, సీసా ఫొటోలు జతచేశాను. డాక్టర్ కానివాడు డాక్టర్‌లా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉందని అప్పుడే తెలిసింది. అద్దాల డబ్బులు వాపస్ ఇస్తాం, కంప్లైంట్ వెనక్కి తీసుకోమని రెండుసార్లు ఫోన్ వచ్చింది. తీసుకోలేదు. ఆదివారం వచ్చే ఆ డాక్టర్ గారికి కూడా ఒక కాపీ పంపాను. తన పేరు మీద మిగతా ఆరు రోజులు అక్కడ ఏం జరుగుతుందో ఆయనకు తెలుసో లేదో, జవాబైతే ఇంకా రాలేదు.