ఒంగోలు గానుగ నువ్వుల నూనె: షుగరు, కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లకు

కళ్లముందే చెక్క గానుగ ఆడిస్తారు, నువ్వులు చేతిలో పోసి చూపిస్తారు. చాలా మంచి పద్ధతి. లోపమల్లా మడ్డి దిగకముందే సీసాలకు పట్టడం. ఆ మడ్డి మూకుడులో మాడుతుంది, నూనె త్వరగా ముక్కిపోతుంది. మూడు రోజులు కదపకుండా ఉంచి, పైతేట స్టీలు డబ్బాలోకి వంచుకోండి.

ఈ నూనెలో సెసమిన్, సెసమోలిన్ అనే, నువ్వుల్లో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి. కొవ్వులో 80 శాతానికి పైగా అసంతృప్త కొవ్వే (అన్‌శాచురేటెడ్). నెయ్యి, పామాయిల్ బదులు వాడితే చెడ్డ కొలెస్ట్రాల్ తగ్గుతుంది. వాటితోపాటు అదనంగా పోస్తే తగ్గదు, టీస్పూనుకు 40 కేలరీలు కూడా చేరతాయి.

గానుగ దగ్గర పెట్టిన ‘షుగరు తగ్గిస్తుంది’ అన్న బోర్డు మాత్రం తీసేయాలి. ఆధారాలు అంత గట్టివి కావు. అది నమ్మి మాత్రలు మానేస్తే ప్రమాదం. తాలింపుకి, ఆవకాయకి ధైర్యంగా కొనండి. బజ్జీలు వేసిన నూనె మళ్లీ మళ్లీ కాచకండి.