మోకాలి బెల్టు కొనేవాళ్ళు కాస్త ఆగండి, నాకు 12,800 వదిలాయి

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చాను. కోపంలో రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

ఆదివారాలు అపార్ట్‌మెంట్ల కింద టెంటు వేసి "ఉచిత మోకాళ్ళ పరీక్ష" అని మైకులో పిలుస్తారు చూడండి, వాళ్ళే. పేరు రాయను. విజయవాడ వాళ్ళకు రాయక్కర్లేదు కూడా.

అమ్మకు 67. కుడి మోకాలు లోపలివైపు గుజ్జు అరిగింది, ఎక్స్‌రే చూసి గ్రేడ్ 3 (నాలుగింట్లో మూడో దశ) అన్నారు ఎముకల డాక్టరుగారు. బరువు తగ్గాలి, తొడ కండరాలకు రోజూ వ్యాయామం చేయాలి, నడిచేటప్పుడు కావాలంటే ఆఫ్‌లోడర్ బ్రేస్ (అరిగిన వైపు బరువు తగ్గించే మోకాలి బెల్టు) వేసుకోవచ్చు అన్నారు. ఆ చివరి ముక్కొక్కటే మా చెవికెక్కింది. వ్యాయామమంటే రోజూ చేయాలి, బెల్టయితే ఒకసారి డబ్బు పడేస్తే చాలు కదా!

టెంటులో తెల్లకోటు వేసుకున్న అతను (డాక్టర్నని అనలేదు, కాదనీ అనలేదు) చీర మీంచే రెండు వేళ్ళతో మోకాలు నొక్కి, "మూడు నెలలు వాడండమ్మా, గుజ్జు మళ్ళీ ఊరుతుంది" అన్నాడు. ఊరడానికి అదేమైనా ఆవకాయా? అప్పుడు మాత్రం బుద్ధిగా తలూపాను. కొలత తీసుకోరా అని అడిగితే "చూస్తే తెలీదా మేడమ్" అన్నాడు. టేపు అతని మెడలోనే వేలాడుతోంది. స్కాన్ చేసి 12,800 కొట్టాను, డబ్బు ఎవరిదో సొంత ఖాతాలో పడింది. బిల్లు అడిగితే అంకె ఒక్కటే రాసిన చీటీ చేతిలో పెట్టాడు. బ్యాంకులో పని చేస్తాను నేను. కస్టమర్ ఫారంలో ఒక్క సంతకం తక్కువైతే వెనక్కి పంపిస్తాను. ఆ చీటీని మాత్రం మడిచి పర్సులో పెట్టుకున్నాను.

వారం రోజులు వేసుకుంది అమ్మ. పక్కనుండే లోహపు కమ్మీ, దాని మడతబందు రెండో మోకాలికి టక్ టక్‌మని తగిలేవి. "ఇది ఇటువైపే ఉండాలంటావా?" అని రెండుసార్లు అడిగింది. "కంపెనీ వాళ్ళకు తెలీదా అమ్మా, అలవాటు పడాలి" అని కసిరాను. వెల్‌క్రో పట్టీ చివర్న అంగుళం మేర కూడా అతుక్కునేది కాదు, చీర దారాలు మాత్రం చక్కగా పీక్కునేది. పూజగది నుంచి వంటింటికి వచ్చేలోపు బెల్టు జారి జారి చీలమండ దగ్గరకొచ్చేది. మోకాలికని కొంటే కాలి పట్టీ అయింది. ఏడో రోజుకి నొప్పి తగ్గకపోగా రాత్రిళ్ళు కూడా మొదలైంది.

నిన్న ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళాను. పెట్టె మీద స్టిక్కరు చూసి "ఎవరిచ్చారండీ ఇది?" అంది. దాని మీద "ఎల్ - ఎమ్" అని ఉంది. లార్జ్ వాళ్ళకూ మీడియం వాళ్ళకూ సరిపోతుంది కాబోలు అనుకున్నాను నేను. ఎల్ అంటే లెఫ్ట్ అట! ఎమ్ అంటే మీడియం. అంటే ఎడమ కాలి బెల్టు, సైజు కూడా తప్పు. ఈ రకం బ్రేసు మూడు చోట్ల ఒత్తి, అరిగిన వైపు పడే బరువును కొంత రెండో వైపుకి మళ్ళిస్తుందట. ఎడమది తెచ్చి కుడికి కడితే ఒత్తిడి తిరగబడి, అరిగిన చోటే ఇంకా నొక్కుతుంది. వారం రోజులు నా చేతులతో నేనే బిగించి కట్టాను. అమ్మకు షుగరు కూడా ఉంది, పిక్క మీద పట్టీ ఒరుసుకుని ఎర్రగా కందింది. ఆ అమ్మాయి దాన్ని చూపిస్తుంటే నేను తలెత్తలేకపోయాను.

సరే, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, మార్చి ఇస్తారులే అనుకుని ఇవాళ షాపుకి వెళ్ళాం. షాపు మొదటి అంతస్తులో. లిఫ్టు లేదు. మోకాళ్ళ బెల్టులు అమ్మే షాపండీ! 19 మెట్లు, అమ్మ ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి, గోడ పట్టుకుని ఎక్కింది.

అదే మనిషి. ఇవాళ తెల్లకోటు లేదు, ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. విషయమంతా చెప్పాను. తలెత్తకుండానే "ఎడమ, కుడి ఏముంది మేడమ్, తిప్పి కట్టుకుంటే సరి" అన్నాడు. కుదరదని ఫిజియో చెప్పిందన్నాను. వాడిన సరుకు తీసుకోమన్నాడు. కొలతే తీసుకోలేదు కదా నువ్వు అని గొంతు పెంచాను. అప్పుడు ఫోను పక్కన పెట్టి, అమ్మ కాళ్ళ వంక ఒకసారి చూసి, "బెల్టులో ఏం లేదు మేడమ్. మీ అమ్మగారి కాలే వంకర" అన్నాడు.

కాలు వంకర అయ్యే కదయ్యా నీ దగ్గరికి వచ్చింది! తిన్నగా ఉంటే నీకు 12,800 ఎందుకు పోస్తాం? ఈ మాటలన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి. అక్కడ నోరు పెగల్లేదు. అమ్మ కుర్చీలో కూర్చునే చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుని పాదాలు కప్పుకుంది. నేను చూడలేదనుకుంది. ఆటోలో వస్తూ, "ఉన్నమాటే అన్నాడులే, దొడ్డికాళ్ళేగా నావి" అని నవ్వబోయింది. డబ్బు పోతే పోయింది, ఈ మాట నన్ను పడుకోనిచ్చేట్టు లేదు.

బ్రేసే దండగ అనడం లేదు. అమెరికా కీళ్ళవాతం డాక్టర్ల సంఘం 2019 మార్గదర్శకాల్లో, నడక బాగా ఇబ్బందయిన వాళ్ళకు ఈ రకం బ్రేసును గట్టిగానే సిఫారసు చేసింది. కాకపోతే అది వేసుకున్నంతసేపు ఆసరా, అంతే. గుజ్జు పుట్టించే బెల్టు ఏదీ లేదు. ఇవన్నీ కొనకముందు చదవాల్సింది, కొన్నాక చదివాను.

ఇంతకీ కొనేవాళ్ళు చేయాల్సింది: ముందు డాక్టరుతోనో ఫిజియోతోనో ఏ కాలికి, ఏ వైపు అరుగుదలకు, ఏ రకం అని రాయించుకోండి. మోకాటి చిప్పకు పైన తొడ, కింద పిక్క టేపుతో కొలవకపోతే లేచి వచ్చేయండి. షాపులోనే కట్టించుకుని పది అడుగులు నడిచి చూడండి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, కొన్న ధర 5 లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. డబ్బు పంపిన స్క్రీన్‌షాటూ, ఆ దిక్కుమాలిన చీటీ రెండూ దాచాను.

బెల్టు బీరువా మీద ఉంది. ఎడమ మోకాలు అరిగి, మీడియం సైజు తొడ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తా. వెల్‌క్రోలో మా అమ్మ నేత చీర దారాలుంటాయి, పీక్కోవాలి.