ఆర్కైవ్ రివ్యూ: క్వాంటం గురుత్వంలో సౌష్ఠవాల గురించి చదవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఆర్కైవ్ (arXiv) అంటే పరిశోధకులు తమ పేపర్లను నేరుగా పెట్టే వెబ్‌సైట్. చదవడానికి ఫీజు లేదు, లాగిన్ అక్కర్లేదు, పీడీఎఫ్ వెంటనే దిగుతుంది. 1991 ఆగస్టులో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టినప్పుడు ఆర్కైవ్‌లో ఉన్నది హెప్-టీహెచ్ (hep-th, అధికశక్తి భౌతికశాస్త్ర సిద్ధాంతాల విభాగం) ఒక్కటే. "క్వాంటం గురుత్వంలో గ్లోబల్ సౌష్ఠవాలు ఉండవు" అనే మాట వెనక ఏముందో వెతకడానికి ఇప్పటికీ ఆ విభాగమే దిక్కు. క్వాంటం గురుత్వమంటే గురుత్వాకర్షణను క్వాంటం నియమాలతో కలిపే సిద్ధాంతం; గ్లోబల్ సౌష్ఠవమంటే అంతటా ఒకేలా పనిచేసే, తనకంటూ బలక్షేత్రం లేని సౌష్ఠవం; అలాంటి క్షేత్రం ఉంటే అది గేజ్ సౌష్ఠవం. చిక్కల్లా, ఏది వాదన, ఏది రుజువు, ఏది ఊహ అని ఇక్కడ ఎవరూ విడదీసి పెట్టరు. మోడరేటర్లు పేపరు ఆ విభాగానికి తగినదేనా అని చూస్తారు గానీ లెక్కలు సరిచూడరు.

ముందు 1011.5120 (ఇది ఆర్కైవ్‌లో పేపరు నంబరు) దించుకోండి. బ్యాంక్స్, సైబర్గ్ 2010లో పెట్టింది. కృష్ణబిలం వాదన అందులో సూటిగా ఉంటుంది. గ్లోబల్ ఆవేశమున్న (అంటే ఆ సౌష్ఠవం వల్ల మారకుండా నిలిచే సంఖ్య ఉన్న) పదార్థం కృష్ణబిలంలో పడితే బయట దాని ఆనవాలు మిగలదు; కృష్ణబిలం ఆవిరయ్యేటప్పుడు వెలువడే హాకింగ్ వికిరణానికీ ఆ లెక్క తెలియదు. ఆవేశం నిలవాలంటే చివర్లో ప్లాంక్ ద్రవ్యరాశి (క్వాంటం గురుత్వం ముఖ్యమయ్యే బరువు) స్థాయి అవశేషం మిగలాలి. ఆవేశం ఎంతైనా ఉండొచ్చు కాబట్టి ఇంచుమించు ఒకే బరువులో అనంతమైన రకాల అవశేషాలు కావాలి. కృష్ణబిల ఎంట్రోపీకి (లోపల ఎన్ని స్థితులు సాధ్యమో చెప్పే పరిమిత లెక్కకు) అది పొసగదు. విద్యుదావేశం లాంటి గేజ్ ఆవేశానికి ఈ బాధ లేదు, గాస్ నియమంతో దూరం నుంచే కొలవొచ్చు. చాలామంది ఇక్కడే ఆగి, అన్ని గ్లోబల్ సౌష్ఠవాల పనీ అయిపోయిందనుకుంటారు. కాలేదు. జడ్-2 (ఆవేశానికి రెండే విలువలుండే) లాంటి వివిక్త సౌష్ఠవంలో అవశేషాల రకాలు రెండే, అనంతం రాదు.

ఆ లోటు పూడ్చేది హార్లో, ఓగురిల 2018 పేపరు, 1810.05338. 150 పేజీలు దాటుతుంది, నేరుగా అందులో దిగొద్దు. ముందు దాని క్లుప్తరూపం 1810.05337 చదవండి. ఏడీఎస్ అంటే సరిహద్దున్న, ఋణ వక్రత గల స్థలకాలం; దాని లోపలి గురుత్వం, సరిహద్దు మీద గురుత్వం లేని క్వాంటం సిద్ధాంతం (సీఎఫ్‌టీ) ఒకటేనన్నది ఏడీఎస్-సీఎఫ్‌టీ. ఆ సరిహద్దును చిన్న ముక్కలుగా కోస్తారు. సౌష్ఠవ ఆపరేటర్ (సౌష్ఠవాన్ని అమలుచేసే గణిత చర్య) ఆ ముక్కల ఆపరేటర్ల లబ్ధం అవుతుంది, అంచుల దగ్గర కొద్దిపాటి సర్దుబాట్లతో. ఒక్కో ముక్క ప్రభావం లోపల దాని ఎంటాంగిల్‌మెంట్ వెడ్జ్ (ఆ ముక్క సమాచారంతో తెలుసుకోగల లోపలి ప్రాంతం) దాటదు. ముక్కలు చిన్నవైతే నడిమధ్యకు ఏ వెడ్జూ చేరదు. అక్కడున్న ఆవేశిత ఆపరేటర్‌ను విడిగా ఏ ముక్కా కదపలేదు, అన్నీ కలిసి మాత్రం కదపాలి. అదే వైరుధ్యం. గేజ్ సౌష్ఠవంలో ఆ ఆపరేటర్‌కు విల్సన్ రేఖ (ఆవేశపు క్షేత్రాన్ని మోసే గీత) ఉంటుంది. అది సరిహద్దు దాకా వచ్చి ఏదో ఒక వెడ్జ్‌లోకి వెళ్తుంది కాబట్టి పేచీ లేదు. వాదన ముచ్చటగా ఉంది గానీ ఏడీఎస్-సీఎఫ్‌టీ పరిధిలోనే. మన విశ్వం ఏడీఎస్ కాదు. సారాంశం మాత్రమే చదివి వదిలేసేవాళ్లు ఈ షరతునే మర్చిపోతారు.

బలహీన గురుత్వ ఊహకు (గురుత్వమే అన్నిటికన్నా బలహీనమైన బలం కావాలనే ఊహకు) హెప్-టీహెచ్/0601001 చూడండి. గేజ్ సంయోజకాన్ని (బలం తీవ్రతను చెప్పే సంఖ్యను) సున్నాకు తోస్తే గేజ్ సౌష్ఠవం గ్లోబల్‌గా మారుతుంది కదా, దాన్ని అడ్డుకునేదేమిటన్నది ప్రశ్న. నాలుగు మితుల్లో జవాబు: √2 × ఆవేశం × ప్లాంక్ ద్రవ్యరాశి కన్నా బరువు మించని ఆవేశిత కణం ఒకటైనా ఉండాలి. ఎలక్ట్రాన్‌కు వేసి చూడండి: ఆవేశం (సహజ ప్రమాణాల్లో) 0.303, ప్లాంక్ ద్రవ్యరాశి 2.4×10¹⁸ జీఈవీ, √2తో కలిపి లబ్ధం సుమారు 10¹⁸ జీఈవీ. ఎలక్ట్రాన్ బరువు 0.000511 జీఈవీయే. ఇక్కడ వాడాల్సింది √(8π)తో భాగించిన ప్లాంక్ ద్రవ్యరాశి. భాగించని 1.22×10¹⁹ పెడితే జవాబు 5 రెట్లు తప్పుతుంది; పేపరు మారితే నిర్వచనమూ మారుతుంది, మొదటి పేజీల్లోనే చూసుకోండి.

సేవ సంగతికొస్తే, 2007 ఏప్రిల్‌కు ముందు పేపర్లకు అంకెలొక్కటే చాలవు, విభాగం పేరు కూడా కావాలి. తీగ సిద్ధాంతంలో గ్లోబల్ సౌష్ఠవాలు ఉండవన్న ఫలితానికి మూలమైన బ్యాంక్స్-డిక్సన్ పేపరు 1988 నాటిది, ఆర్కైవ్ పుట్టకముందుది. దాన్ని న్యూక్లియర్ ఫిజిక్స్ బి పత్రిక 307వ సంపుటంలో చూసుకోవాలి. సైట్ సొంత సెర్చ్ సాదాసీదాగా ఉంటుంది. పేపరు పేజీలో కుడివైపున్న ఇన్‌స్పైర్ (భౌతికశాస్త్ర పేపర్ల సూచిక) లింకు నొక్కితే దాన్ని ఎవరెవరు ఉదహరించారో వస్తుంది, ఈ విషయానికి అదే అసలు దారి. 2023 డిసెంబరు నుంచి కొత్త పేపర్లకు హెచ్‌టీఎంఎల్ రూపం ఇస్తున్నారు. ఫోన్లో చదవడానికి హాయే, సమీకరణాలు తేడాగా కనిపిస్తే పీడీఎఫ్‌తో పోల్చుకోండి. కొత్త జాబితా సోమవారం నుంచి శుక్రవారం దాకా మన టైములో ఉదయం 5:30కి వస్తుంది, అమెరికా చలికాలంలో 6:30కి. ఉదహరించేటప్పుడు వీ1, వీ2 చూసి వెర్షన్ నంబరు రాయండి. సమీకరణాల నంబర్లు వాటి మధ్య మారిపోవచ్చు.